ఏ మత్తు? ఏ మందు?

*సిజేరియన్‌కి వెన్నులో వేసే సూదీ మత్తే, కల్లులో కలిపే పొడీ మత్తే, క్యాన్సర్ నొప్పికి ఇచ్చే మాత్రా మత్తే. మూడింటికీ ఒకే పేరు పెట్టుకుని మూడుచోట్లా నష్టపోతున్నాం.*

ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాక బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఒకరినొకరు అడిగే మొదటి మాట 'మత్తు ఇచ్చేశారా?' అని. అంతకు ముందు డాక్టరును అడిగేది 'పూర్తి మత్తా, సగం మత్తా?' అని. అనస్థీషియా వైద్యుల బోర్డు మీద ఎన్ని డిగ్రీలున్నా ఊరందరికీ వాళ్లు 'మత్తు డాక్టర్లే'. అదే రోజు పేపర్లో జిల్లా పేజీ తిప్పితే మత్తుమందు ముఠా పట్టివేత అని వార్త. ప్రాణం కాపాడటానికి ఇచ్చేదీ, పోలీసులు పట్టుకునేదీ ఒకే మాటలో ఇమిడిపోయాయి.

నొప్పి దగ్గర మనకు ఇంత పేదరికం లేదు. పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు. పన్ను జివ్వుమంటుంది, పిక్క గుంజుతుంది, కడుపులో మెలిపెడుతుంది, పుండు చురుక్కుమంటుంది, నడుం పట్టేస్తుంది. ఇవి ఊసుపోక పుట్టిన మాటలు కావు. నొప్పికి వైద్యం చేసే డాక్టరుకు సగం రోగనిర్ధారణ వీటిలోనే ఉంటుంది. 'మంటగా ఉంది, కరెంటు కొట్టినట్టు లాగుతోంది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నా' అని రోగి చెబితే అది నరం దెబ్బతిని వచ్చే నొప్పి అని అనుమానిస్తారు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటివి రాస్తారు. 'ఎముకలో సలుపు, రాత్రిళ్లు ఎక్కువ' అంటే వైద్యం ఇంకో దారి పడుతుంది. నొప్పిని ఇంత నిక్కచ్చిగా చెప్పగలిగిన భాష, దాన్ని తీసే మందు దగ్గరికి వచ్చేసరికి 'మత్తు' అని సరిపెట్టుకుంది.

ఆ మాటలో మదం ఉంది. మత్తేభం అంటే మదించిన ఏనుగు. ఇక మందు సంగతి చెప్పనక్కర్లేదు. జ్వరానికి వేసుకునేదీ, బార్లో తాగేదీ, చేలో కొట్టేదీ, తుపాకీలో కూరేదీ అన్నీ మందులే. గిట్టనివాళ్లు అన్నంలో కలిపారని అనుమానించేదీ మందే. ఇలాంటి రెండు మాటలు జతకూడాక 'మత్తుమందు' అంటే గుండె ఝల్లుమనడంలో ఆశ్చర్యమేముంది? కానీ ఆ భయం కొన్నిచోట్ల అవసరం, కొన్నిచోట్ల ప్రమాదం. ఈ తేడా చెప్పుకోక చాలాకాలమైంది.

సగం మత్తు అంటే సగం మోతాదు కాదు

సిజేరియన్‌కి వెళ్లే తల్లిని బల్ల మీద కూర్చోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనించి నడుం వంచమంటారు. వెన్నుపాము ముగిసిన చోటికి కింద, రెండు వెన్నుపూసల సందులోంచి సన్నటి సూదిని పంపి బ్యూపివకైన్ అనే మందు ఎక్కిస్తారు. మహా అయితే రెండు మిల్లీలీటర్లు, ఆ కాస్త అటూ ఇటూ. నిమిషాల్లో పాదాలు వెచ్చబడి, కాళ్లు బరువెక్కుతాయి. అప్పుడు డాక్టరు స్పిరిట్ దూదితో పొట్ట మీద, పక్కల మీద తాకుతూ 'ఇక్కడ చల్లగా తెలుస్తోందా అమ్మా? ఇక్కడ?' అని అడుగుతూ పైకి వస్తారు. చల్లదనం తెలియకపోతే ఆ మేరకు నొప్పీ తెలియదని లెక్క. తాకిడి మాత్రం కొంత తెలుస్తూనే ఉంటుంది. ఎవరో లాగుతున్నట్టు, నెడుతున్నట్టు అనిపిస్తుంది. నొప్పి ఉండదు. తల్లి మెలకువగానే ఉంటుంది, బిడ్డ తొలి ఏడుపు వింటుంది.

ఇందులో మత్తు ఎక్కడుంది? తలకు ఎక్కేదేమీ లేదు. మందు పనిచేసేది వెన్ను దగ్గర బయల్దేరే నరాల మీద. 'సగం మత్తు' అన్న పేరు విన్నవాళ్లు మాత్రం సగం నిద్రపోతామనుకుంటారు, నిద్ర రాకపోతే మందు ఎక్కలేదని కంగారుపడతారు. పొట్ట మీద లాగినట్టు తెలియగానే కత్తి తెలుస్తోందని హడలిపోతారు. ఒత్తిడి తెలుస్తుంది, నొప్పి తెలియదు, నొప్పే అనిపిస్తే వెంటనే చెప్పండి అని ముందే రెండు ముక్కలు చెబితే ఆ తల్లికి ఎంత ధైర్యమో! చాలా ఆసుపత్రుల్లో ఆ రెండు ముక్కలకే తీరిక దొరకడం లేదు.

వెన్నులో సూది వేయించుకుంటే జీవితాంతం నడుంనొప్పే అన్న నమ్మకం కూడా ఊరూరా ఉంది. సూది గుచ్చినచోట కొన్ని రోజులు నొప్పి ఉండొచ్చు. కొందరికి లేచి కూర్చుంటే తలనొప్పి వస్తుంది, దానికి వైద్యం ఉంది. 1898లో ఈ పద్ధతిని తన మీదే పరీక్షించుకున్న జర్మన్ వైద్యుడు ఆగస్ట్ బీర్‌కూ ఆ తలనొప్పి వచ్చింది. ఏళ్ల తరబడి వేధించే నడుంనొప్పికి మాత్రం కారణం వేరే. తొమ్మిది నెలలు బరువు మోసి, తర్వాత వంగి పాలిచ్చి, బిడ్డను చంకనెత్తుకుని, సరైన తిండీ విశ్రాంతీ లేని నడుం అది. ఆ నింద సూది మోస్తోంది.

హైదరాబాద్‌లో తేలిన లెక్క

మత్తు వైద్యం చరిత్రలో హైదరాబాద్‌కు పెద్ద పేజీయే ఉంది. మనలో ఎక్కువమందికి అది తెలియకపోవడం బాధగా ఉంటుంది.

1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి చనిపోయింది. అప్పట్నుంచి ఒకటే గొడవ. క్లోరోఫాం ముందుగా ఆపేది గుండెనా, ఊపిరినా? డాక్టరు చెయ్యి నాడి మీద ఉండాలా, కన్ను ఛాతీ మీద ఉండాలా? లండన్ ఒకటంటే ఎడిన్‌బరో ఇంకోటి అనేది.

మనలాంటి వేడి దేశాలకు ఈ గొడవ మరీ ముఖ్యం. ఈథర్ దాదాపు 35 డిగ్రీలకే మరిగిపోతుంది, పైగా నిప్పు తగిలితే భగ్గుమంటుంది. మే నెల హైదరాబాద్‌లో ఈథర్ సీసా మూత తీస్తే మందు రోగికన్నా ముందు గదికి ఎక్కుతుంది. క్లోరోఫాం 61 డిగ్రీల దాకా నిలుస్తుంది, అంటుకోదు. కాబట్టి ఇక్కడ క్లోరోఫామే దిక్కు.

ఎడిన్‌బరోలో చదివి వచ్చిన ఎడ్వర్డ్ లారీ అప్పట్లో హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్, మెడికల్ స్కూలుకు పెద్ద. ఊపిరి గమనిస్తూ ఇస్తే క్లోరోఫాంతో ముప్పు లేదని ఆయన గట్టి నమ్మకం. 1888లో జంతువుల మీద ప్రయోగాలతో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ నడిపాడు. లండన్‌లోని 'లాన్సెట్' పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపి పరీక్షించుకోండని పత్రికను ఆహ్వానించాడు. పేరుమోసిన ఔషధశాస్త్రవేత్త లాడర్ బ్రంటన్ 1889లో ఓడెక్కి వచ్చాడు. రెండో కమిషన్ కూర్చుంది. నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు చేసింది. ముందు ఆగేది ఊపిరే, ఊపిరినే చూడండి అని తేల్చింది.

అది సగమే నిజమని తర్వాత తేలింది. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫాం పలచగా ఎక్కినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పొంగితే గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోగలదని చూపించాడు. అడ్రినలిన్ పొంగేది భయపడ్డప్పుడు. బల్ల మీద వణుకుతూ, సగం మెలకువలో పెనుగులాడిన రోగులు ఎందుకు పోయారో దాంతో అర్థమైంది. లారీ గుండె విషయంలో పొరబడ్డాడు. ఊపిరి మీదనుంచి కన్ను తీయొద్దన్న ఆయన పట్టుదల మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు. ఇప్పుడు ఆపరేషన్ బల్ల పక్కన మానిటర్ మీద పరుగెత్తే గీతల్లో గుండెకూ ఊపిరికీ రెంటికీ చోటుంది.

ఆ మెడికల్ స్కూలులోనే చదివింది రూపాబాయి ఫర్దూంజీ అనే పార్శీ యువతి. హైదరాబాద్ ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇవ్వడమే వృత్తిగా పెట్టుకుంది. మరింత నేర్చుకోవడానికి 1909లో ఎడిన్‌బరో వెళ్లింది. ప్రపంచంలోనే తొలి మహిళా అనస్థీషియా వైద్యుల్లో ఒకరిగా ఆమెను చెబుతారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆమెకు ఒక పేరా దక్కాలి.

పేరు పెట్టినవాళ్ల ఆశలు

ఈ మందుల పేర్లు వరసగా చూస్తే, పెట్టినవాళ్లు ఏం ఆశించారో తెలిసిపోతుంది. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో విలియం మోర్టన్ ఈథర్ ఇచ్చి, నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేయించాడు. అది ఈథర్ అని ఎవరికీ తెలియకూడదని రంగు, వాసన కలిపి 'లీథియాన్' అన్నాడు. గ్రీకు పురాణాల్లో మరుపు నది లీథీ. పేటెంటు కోసం పడ్డ పాట్లు అవి. కొద్ది వారాలకే డాక్టరు, రచయిత ఆలివర్ వెండెల్ హోమ్స్ 'అనస్థీషియా' అని సూచించాడు. తెలియకపోవడం అని దాని అర్థం. అమ్ముకునేవాడి పేరు పోయింది, ఉన్నదున్నట్టు చెప్పిన పేరు నిలిచింది.

నల్లమందులోంచి అసలు సరుకును వేరుచేసిన జర్మన్ కుర్రాడు ఫ్రీడ్రిక్ జెర్ట్యూర్నర్ దానికి కలల దేవుడు మార్ఫియస్ పేరు పెట్టాడు, అదే మార్ఫిన్. 1898లో బేయర్ కంపెనీ దగ్గుమందుగా బజారులోకి తెచ్చినదాని పేరు హెరాయిన్. జర్మన్‌లో 'వీరోచితం' అన్న మాటలోంచి వచ్చిందంటారు. 1950లలో పిచ్చాసుపత్రుల గొలుసులు విప్పించిన క్లోర్‌ప్రోమజైన్‌కు ఫ్రాన్సులో పెట్టిన పేరు లార్గాక్టిల్, అంటే విస్తారంగా పనిచేసేది. వాలియం పేరు లాటిన్‌లో బలానికి, ఆరోగ్యానికి సంబంధించిన మాటలోంచి వచ్చింది.

మన సర్పగంధ కథ వీటిలో నాకు ఎక్కువ ఇష్టం. బీహార్‌లో జనం దాన్ని 'పాగల్ కీ దవా' అనేవాళ్లు. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ బోస్ అది రక్తపోటునూ మతిచాంచల్యాన్నీ తగ్గిస్తుందని రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ బ్రిటిష్ పత్రికలో తన అనుభవాన్ని ప్రచురించాక పాశ్చాత్యులు కళ్లు తెరిచారు. 1952లో స్విస్ కంపెనీ సీబా అందులోంచి రిసర్పిన్ తీసింది. నిద్రపుచ్చకుండా నెమ్మదింపజేసే ఈ గుణాన్ని ఏమనాలో తెలియక ఆ కంపెనీవాళ్లే 'ట్రాంక్విలైజర్' అనే పాత మాటకు కొత్త పని అప్పగించారు. అలజడిని అణచడం, నిద్రపుచ్చడం, నొప్పి తీయడం మూడూ వేర్వేరు పనులని ఆ పేరు గుర్తించింది. తెలుగులో ఆ మూడూ ఇంకా కలిసే ఉన్నాయి.

కల్లు సీసాలో ఏముంది

'మత్తు' మాటకు భయపడాల్సిన చోట భయపడని దృశ్యం తెలంగాణ కల్లు దుకాణాల్లో ఉంది. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. గీసిన కల్లుకు నీళ్లు కలిపి, తీపికి శాక్రిన్ వేసి, కిక్కు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రాజోలం కలుపుతారు. క్లోరల్ హైడ్రేట్ 1869 నుంచి వైద్యులు వాడిన నిద్రమందు, సీహెచ్ అంటే దుకాణదారులకు తెలుసు. అల్ప్రాజోలం విపరీతమైన ఆందోళనకు డాక్టర్లు కొద్దిరోజులకు రాసే మాత్ర. మందుల షాపులో అది షెడ్యూల్ హెచ్1 కింద ఉంటుంది. చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చినదాన్ని రిజిస్టరులో రాయాలి. అదే పొడి కల్లు సీసాలో కొలతా చీటీ లేకుండా దొరుకుతోంది.

కూలిపని చేసుకుని ఒళ్లునొప్పులకు సాయంత్రం సీసా తాగే మనిషికి తాను వాడేది కల్లే. అలవాటైంది కల్లుకు కాదని అతనికి ఎవరూ చెప్పలేదు. 2015లో అధికారులు కల్తీ కల్లు మీద దాడులు చేసినప్పుడు, 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డప్పుడు ఆ సంగతి బయటపడింది. నిద్ర లేదు, చేతుల వణుకు, ఫిట్సు, ఒకటే కలవరింతలు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం బారులు తీరారు. బంధువులు దెయ్యం పట్టిందనుకున్నారు, పిచ్చిపట్టిందనుకున్నారు. నిజానికి ఈ రకం మందుల్ని ఏళ్ల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే మెదడు చేసే గోల అది. దీన్ని డాక్టరు పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గించాలి. రేపట్నుంచి ఒట్టు అని దేవుడి ముందు ప్రమాణం చేసి ఆపేస్తే ఫిట్సు వచ్చి ప్రాణం పోవచ్చు. దుకాణం మూయించడం ఎంత అవసరమో, మూయించిన రోజే ఆ ఊళ్లో వైద్యశిబిరం తెరవడమూ అంతే అవసరం.

మార్ఫిన్ అంటే చివరి మందు కాదు

ఇక భయం అనవసరమైన చోటు. ఇక్కడ జరుగుతున్న అన్యాయం నన్ను నిలవనీయదు.

గసగసాల కాయ పచ్చిగా ఉన్నప్పుడు దాని మీద నిలువుగా సన్నని గాట్లు పెడతారు. రాత్రంతా పాలు కారి, తెల్లారేసరికి గోధుమరంగులో గడ్డకడుతుంది. దాన్ని గీకి తీస్తారు. నిలవ ఉన్నకొద్దీ నల్లబడుతుంది, అదే నల్లమందు, అభిని. దేశంలో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు ప్రభుత్వ లైసెన్సుతో దీన్ని పండిస్తారు. నీమచ్, ఘాజీపూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీలకు చేరుతుంది. ఒకప్పుడు పసిపిల్లలు ఏడవకుండా పడుకోవాలని, విరేచనాలు కట్టాలని దీన్ని రవ్వంత నాకించేవాళ్లు. నల్లమందుపై వేసిన 1893-95 నాటి రాయల్ కమిషన్ ముందు ఆ అలవాటు గురించి సాక్ష్యాలు చెప్పారు. కొలత తప్పి ప్రాణాలు పోయిన పిల్లల వల్లే నల్లమందు మీద మనకు అంత హడలు. ఆ హడలు న్యాయమైనదే.

కానీ ఆ హడలునే క్యాన్సర్ రోగి మంచం దగ్గరికీ తీసుకొచ్చాం. 1985లో మాదకద్రవ్యాల నిరోధక చట్టం వచ్చాక మార్ఫిన్ ఉంచుకోవాలంటే ఆసుపత్రి ఒక్కో శాఖ దగ్గర ఒక్కో లైసెన్సు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ బాధ పడలేక చాలా ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టడమే మానేశాయి. ఒక తరం డాక్టర్లు అది రాయడమే నేర్చుకోకుండా పెద్దవాళ్లయ్యారు. మన పొలాల్లో పండే మందు మన రోగులకే అందలేదు. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడాక 2014లో చట్టాన్ని సవరించారు. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, కోడీన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్ ఆరింటినీ అత్యవసర మందుల కింద చేర్చి, గుర్తింపు పొందిన ఆసుపత్రులకు ఒకే అధికారి అనుమతి చాలన్నారు.

చట్టం మారినా ఇంట్లో మాట మారలేదు. 'మార్ఫిన్ మొదలెట్టారంటే ఇక అయిపోయినట్టే' అంటారు. 'నాన్నకు మత్తుమందు అలవాటవుతుందేమో' అని కొడుకు మాత్రలు దాచేస్తాడు. తండ్రి పళ్లు బిగబట్టి, మంచంకోడు పట్టుకుని రాత్రి గడుపుతాడు. ఆ కొడుకుది ప్రేమే. కానీ వ్యసనం వేరు, నొప్పి తగ్గించుకోవడం వేరు అని అతనికి ఎవరు చెప్పారు? క్యాన్సర్ నొప్పికి డాక్టరు లెక్కప్రకారం ఇస్తే వ్యసనంగా మారడం అరుదు. ఒళ్లు మందుకు అలవాటుపడుతుంది నిజమే. నొప్పి తగ్గితే మెల్లగా తగ్గించి ఆపేస్తారు. రేడియేషన్‌తో నొప్పి తగ్గి, మార్ఫిన్ మానేసి పనుల్లోకి వెళ్లినవాళ్లూ ఉంటారు. జబ్బు ఏ దశలో ఉందన్నది కాదు, నొప్పి ఎంత ఉందన్నదే ఆ మాత్ర రాయడానికి కారణం.

అమెరికాలో ఆక్సికోడోన్‌ను మామూలు నడుంనొప్పులకు కూడా విచ్చలవిడిగా రాసి లక్షల కుటుంబాల్ని కూల్చారు. అది మరచిపోకూడదు. ట్రమడాల్‌ను మన ప్రభుత్వం 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చిందంటే కారణం ఉంది. అక్కడ ఎక్కువై పోయారు, ఇక్కడ అందక ఏడుస్తున్నారు. అక్కడి తప్పు చూపించి ఇక్కడి రోగికి మందు ఆపడం న్యాయం కాదు.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి ఉపశమన విభాగం ఉంది. తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లోనూ పాలియేటివ్ కేంద్రాలు తెరిచారు. ఇంట్లో ఎవరికైనా నోటితో వేసుకునే మార్ఫిన్ రాస్తే కొన్ని సంగతులు అడిగి తెలుసుకోండి. మామూలు మాత్ర నాలుగు గంటలకోసారి, గడియారం చూసి వేయాలి. నొప్పి వచ్చేదాకా ఆగితే దాన్ని దించడానికి ఎక్కువ మందు పడుతుంది. రాత్రి నిద్ర చెడకుండా పడుకునే ముందు మోతాదు ఎంతో, మధ్యలో నొప్పి ఎగిస్తే అదనంగా ఎంత వేయొచ్చో చీటీ మీద రాయించుకోండి. మొదటి రెండు మూడు రోజులు మగతగా, వికారంగా ఉంటుంది, సర్దుకుంటుంది. మనిషి లేపితే లేవకుండా ఉన్నా, ఊపిరి బాగా నెమ్మదించినా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. మాత్రలు పిల్లలకు అందనిచోట తాళం వేసి ఉంచాలి, మిగిలినవి ఆసుపత్రికే తిరిగి ఇచ్చేయాలి. మగత తగ్గుతుంది కానీ మలబద్ధకం తగ్గదు, మార్ఫిన్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. దానికి కూడా మందు రాశారో లేదో చీటీ చేతిలో ఉండగానే చూసుకోండి, రాయకపోతే అక్కడే అడిగి రాయించుకోండి.